వంకర రెక్కల రాకెట్టు

మా ఆయనకు వంకర అంటే పడదు. గోడ మీద ఫొటో వెంట్రుకవాసి ఒరిగినా అన్నం ముందు నుంచి లేచి వెళ్ళి సరిచేస్తారు. కుక్క తోక కనిపిస్తే దానికీ స్కేలు పెట్టి చూసే రకం. సెంట్రల్ గవర్నమెంటు ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరి, సూపరింటెండెంటుగా రిటైరయ్యారు. దేశ రాజధానిలో ఆర్.కె. పురం క్వార్టర్సులో ఉన్నన్నాళ్ళూ రాధాకృష్ణమూర్తిగారు గీసిన గీతకు తిరుగులేదని అందరూ పొగిడేవారు. ఆ పొగడ్త తలకెక్కి కూర్చుంది, ఇప్పటికీ దిగలేదు.

రిటైరయ్యాక అక్కడికి దగ్గర్లోనే ఇందిరాపురంలో మా అమ్మాయి సునంద దగ్గరే ఉంటున్నాం. అల్లుడు నిరంజన్ ఎక్కువ రోజులు బెంగుళూరు ఆఫీసులోనే గడుపుతాడు. మనవరాలు నేహా ఏడో తరగతి. దానికి తెలుగంతా అర్థమవుతుంది గానీ జవాబు సగం హిందీలో ఇస్తుంది. నేను చెప్పబోయేది దాని రాకెట్టు సంగతి. తలుచుకుంటేనే ఒళ్ళు మండుతోంది కాబట్టి, మాట కాస్త పెడసరంగా వస్తే సర్దుకోండి.

నేహా వాళ్ళ స్కూల్లో రాకెట్ క్లబ్బు ఉంది. పిల్లలకు అట్టపెట్టెల్లో కిట్లు ఇస్తారు. అందులో ఒక అట్టగొట్టం, మొనదేలిన ముక్కు, పల్చటి తేలిక కర్ర రెక్కలు, చిన్న గుడ్డ పారాచూట్ ఉంటాయి. మందు దట్టించిన మోటారు మాత్రం క్లబ్బు చూసే మనోహర్ సర్ దగ్గరే ఉంటుంది. ఎగరేసే రోజున ఆయనే అమర్చి, దూరం నుంచి బటన్ నొక్కిస్తారు. మిగతా పిల్లలందరూ సూటిగా పైకి పోయే రాకెట్లు తీసుకున్నారు. మా నేహా మాత్రం తిరిగే రాకెట్టు కావాలని పట్టుబట్టింది. దీని రెక్కలు గొట్టానికి నిలువుగా ఉండవు, కొంచెం ఏటవాలుగా అతికించాలి. గాలి వాటిని ఒక పక్కకు తోస్తుంటే రాకెట్టు బొంగరంలా తన చుట్టూ తాను తిరుగుతూ పైకి పోతుంది.

అంత చిన్నపిల్లలు ఏటవాలు సరిగ్గా కుదర్చలేరని క్లబ్బులో అందరూ అన్నారట. మనోహర్ సర్ మాత్రం, ఆదివారం నాడు గ్రౌండులో పరీక్షగా ఎగరేసినప్పుడు అది నిజంగా తిరిగితే స్కూలు వార్షికోత్సవంలో అందరి ముందూ ఎగరేసి, ఎందుకు తిరుగుతుందో మైకులో వివరించే అవకాశం నేహాకే ఇస్తానన్నారు. నాలుగు మాటలు పైకి మాట్లాడటానికి సిగ్గుతో చచ్చిపోయే పిల్ల అది. అలాంటిది అద్దం ముందు నిలబడి రోజూ ఆ వివరణ అప్పజెప్పుకునేది. దానికి ఆ మైకు ఎంత ముఖ్యమో ఇంట్లో అందరికీ తెలుసు. ఈయనకూ తెలుసు.

బాల్కనీలో నా పప్పుల డబ్బాలన్నీ పక్కకు నెట్టి, అక్కడే కట్టింది. కిట్‌లో ఇచ్చిన అట్టముక్కను ఆనించి, ఒక్కో రెక్కనీ జిగురు పట్టేదాకా వేళ్ళతో అదిమి పట్టుకుని ఊపిరి బిగబట్టేది. దోమ కుట్టినా చెయ్యి కదిపేది కాదు. గొట్టానికి నిలువునా సగం ఎరుపు, సగం తెలుపు వేసింది. తిరిగినప్పుడు రెండూ కలిసిపోయి గులాబీ రంగులో కనబడుతుందట. అది చెప్పేటప్పుడు దాని మొహం చూడాలి.

ఈయన రోజూ వచ్చి, కళ్ళజోడు పైకీ కిందికీ జరుపుతూ చూసేవారు. రెక్కలు వంకరగా అతికించావేమని ఒకరోజు అడిగారు. అది ఓపిగ్గా, కాగితం మీద బొమ్మ వేసి మరీ, అవి అలాగే ఉండాలని చెప్పింది. ఈయన అచ్ఛా అని తలూపారు. తర్వాత వంటింట్లోకి వచ్చి, పిల్లకు పనితనం కుదరక ఏదో సిద్ధాంతం చెబుతోందని నాతో నవ్వారు. మీకు తెలియనివి కూడా లోకంలో ఉంటాయండీ అన్నాను. విన్నట్టే లేదు.

శనివారం సాయంత్రం నేహా ట్యూషన్‌కి వెళ్ళింది. నేనూ సునందా కూరగాయలకు వెళ్ళాం. ఈయన ఏం చేశారో నాకు మర్నాడు గానీ తెలియలేదు. మీకు ఇప్పుడే చెప్పేస్తాను, ఊరించడం నాకు చేతకాదు. బ్లేడుతో ఆ రెక్కలన్నీ కోసేశారు. తన పాత పెట్టెలోంచి మూలమట్టం తీసి, సన్నటి పెన్సిలుతో గొట్టం మీద నిలువు గీతలు గీసి, వాటి మీద రెక్కలన్నీ సూటిగా, గట్టి జిగురుతో అతికించారు. కోసిన చోట రంగు కూడా అద్దారు. అడక్కుండా అమ్మైనా పెట్టదంటారు. ఈయన మాత్రం అడక్కుండానే వేలు పెడతారు.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఈయన మహా హుషారుగా ఉన్నారు. రేపు నీ రాకెట్టు అందరికంటే పైకి పోతుంది చూడమ్మా అంటూ నేహా కంచంలో నెయ్యి తనే వేశారు. అది తల దించుకుని తింది. రేపటి బెదురు కాబోలు అనుకున్నాను.

ఆదివారం పొద్దున్న స్కూలు గ్రౌండుకు వెళ్ళాం. తల్లిదండ్రులంతా గోడవారగా నిలబడ్డారు. నేహా వంతు వచ్చింది. బటన్ నొక్కగానే బుస్సుమని పొగ చిమ్ముతూ లేచింది రాకెట్టు. అందరం తలలు పైకెత్తాం. ఎరుపు ఎరుపుగానే కనిపించింది, తెలుపు తెలుపుగానే కనిపించింది. ఒక్క చుట్టు కూడా తిరగలేదు. గీత గీసినట్టు నిలువునా పైకి పోయి, పారాచూట్ విచ్చుకుని, గ్రౌండు మధ్యలో దిగింది.

మా ఆయన చప్పట్లు కొట్టారు. ఎంత సూటిగా పోయిందో చూశారా అని పక్కనున్న పంజాబీ ఆయనతో అంటున్నారు.

దాన్ని తెచ్చుకోవడానికి నేహాతో పాటు నేనూ వెళ్ళాను. వంగి అందుకుంటే రెక్క మొదట్లో సన్నటి పెన్సిలు గీత కనబడింది. ఆ గీతను నేను పెళ్ళయిన కొత్తలోనే చూశాను. నా పెట్టె మీద పేరు రాయడానికి కూడా ముందు అలాంటి గీతే గీశారు. లోకంలో ఇంకెవరూ అంత సన్నగా గియ్యరు. ఇది తాతయ్య పనేనే అన్నాను.

నేహా నా వైపు చూడలేదు. పారాచూట్ దారాలు చుట్టుకుంటూ మెల్లిగా అంది. "పతా హై అమ్మమ్మా, నాకు తెలుసు. రాత్రే చూశా. మళ్ళీ పెడితే పొద్దుటికి జిగురు ఆరదు. తాతయ్య ఇత్‌నే ఖుషీగా ఉన్నారు. చెబితే ఫీల్ అవుతారు కదా."

ఆ మనిషి మీద వచ్చిన కోపం వేరు, ఈ మాటకు వచ్చిన కోపం వేరు. ఇంత పిల్ల, తన కష్టం బూడిదైందని తెలిసీ, ఆ ముసలాయన మనసు నొచ్చుకోకూడదని రాత్రంతా నోరు నొక్కుకుని పడుకుంది. ఈ విద్య దానికి ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. సునంద తొమ్మిదో తరగతిలో పోటీకి వేసిన బొమ్మను ఈయన రాత్రికి రాత్రి దిద్దేస్తే, అది నాన్నే బాగా వేశారంటూ బహుమతి తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. మళ్ళీ కుంచె ముట్టలేదు. ఇప్పుడు దాని కూతురు తయారైంది.

గోడ దగ్గరికి వచ్చేసరికి సునంద మా మొహాలు చూసి, రాకెట్టు చేతిలోకి తీసుకుంది. గీత చూసింది. దానికి కూడా ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. వదిలెయ్యమ్మా, ఇంతమందిలో నాన్న పరువు ఎందుకు అని నా చెవిలో అంది.

ఇంతలో మనోహర్ సర్ వచ్చారు. మంచాయనే, మెత్తగానే మాట్లాడారు. కోణం కుదరనట్టుందనీ, ఇలాంటి సున్నితమైన పని అందరి చేతుల్లోనూ ఒదగదనీ, వార్షికోత్సవానికి వేరే రాకెట్టు చూస్తాననీ అన్నారు. నేహా కావాలంటే ఆ రోజు వచ్చినవాళ్ళకు నీళ్ళు అందించవచ్చట.

నేహా తలూపి, తప్పు తనదేనంది. "సారీ సర్. మేరీ గల్తీ థీ."

ఈయన ఒక్క అడుగు దూరంలో ఉన్నారు. అంతా విన్నారు. నిమ్మకు నీరెత్తినట్టు నిలబడి, మఫ్లర్ సరిచేసుకున్నారు.

నా పెళ్ళయ్యాక పదిమందిలో ఆయన మాటకు నేను ఎదురు చెప్పలేదు. ఇంట్లో ఎంత అరిచినా గడప దాటితే నోరు మూసుకునేదాన్ని. మా వైపు ఆడవాళ్ళు అలాగే చేస్తారు, అది పెంపకం అనుకుంటారు. ఆ పెంపకం నా మనవరాలి నోట్లోంచి సారీ అని బయటికి వస్తుంటే విని, నాకు ఎక్కడలేని అసహ్యం వేసింది.

"గల్తీ ఇస్‌కీ నహీ హై, సర్," అన్నాను గట్టిగానే. "ఇన్‌కీ హై." తప్పు పిల్లది కాదు, ఈయనదని మా ఆయన్ని చూపించాను.

గోడవారన ఉన్నవాళ్ళంతా ఇటు తిరిగారు. ఈయన మొహం పాలిపోయింది. అయినా ఆఫీసు గొంతు తెచ్చుకున్నారు. "నథింగ్ మచ్ సర్. ఎలైన్‌మెంట్ ఎర్రర్. జస్ట్ ఎ స్మాల్ కరెక్షన్."

"ఆయనకి కాదు, దానికి చెప్పండి," అన్నాను. "తెలుగులో చెప్పండి."

సునంద నా కొంగు పట్టుకుని లాగింది. నేను కదల్లేదు. ఈయన నేహా వైపు చూశారు. ఆ చూపు నాకు తెలుసు. ఎవరో ఒకరు వచ్చి తనని గట్టెక్కిస్తారని చూసే చూపు. ఇన్నాళ్ళూ ఎవరో ఒకరం వెళ్ళాం. నేహా అప్పుడే నోరు తెరిచి, కోయీ బాత్ నహీ, పర్లేదు అనబోయింది.

"నువ్వు ఊరుకో," అన్నాను దాంతో. "ఆయన నోటితో ఆయన్నే చెప్పనీ."

గ్రౌండులో ఇంకో రాకెట్టు లేచింది. ఎవరూ అటు చూడలేదు. ఈయన కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకున్నారు.

"నేనే కోసి, మళ్ళీ అతికించానమ్మా. వంకరగా ఉన్నాయని," అన్నారు.

నేహా రాకెట్టును రెండు చేతులతో గుండెకు అదుముకుంది.

"మేరా థా, నాది," అంది, వినీ వినబడకుండా. తర్వాత ఆ చిన్న గొంతు ఒక్కసారిగా లేచింది. "మేరా థా తాతయ్యా! పూఛా క్యోం నహీ? నన్ను ఎందుకు అడగలేదు?"

అది అంత గట్టిగా మాట్లాడగలదని నాకు తెలియదు. గోడ చివరి దాకా వినబడింది. ఏడుస్తూనే అడిగింది, మళ్ళీ అదే అడిగింది. మనోహర్ సర్, పెద్దవాళ్ళతో అలా మాట్లాడకూడదు బేటా అన్నారు. సునంద పరిగెత్తుకెళ్ళి కూతురి నోటికి చెయ్యి అడ్డం పెట్టబోయింది.

ఆ చెయ్యి నేను పట్టుకున్నాను.

"అరవనీ," అన్నాను.