విప్పేసిన చెయ్యి

ఆ కప్పు అడ్డం పడి గెలిచిన కప్పు. వెల్డరు లెక్కలో అది గెలుపే కాదు.

బడిపిల్లల పోటీకి కూతురి జట్టు చేసిన రోబోకి చెయ్యి అమర్చింది ఆయనే. చనిపోయిన భార్య చివరి ఏడాదంతా పట్టుకుని నడిచిన వాకర్ గొట్టాలు కోసి, మూడు ఆదివారాలు కూర్చుని అతికించాడు. ఆ చెయ్యి నేలమీది బంతిని ఎత్తి బుట్టలో వేస్తుంది. ఆమె వాడిన వస్తువు నలుగురి ముందూ ఒక్క బంతి వేస్తే చాలనుకున్నాడు.

మధ్యాహ్నం ఫైనల్‌కి వెల్డింగ్ షెడ్డు మూసి, ఉతికిన చొక్కా తొడుక్కుని ముందు వరసలో కూర్చున్నాడు. రోబో బయటికొచ్చింది. చెయ్యి లేదు. ఉత్త మొండి పెట్టె.

ఆట మొత్తంలో అది ఒక్క బంతి ముట్టలేదు. అవతలి రోబో బుట్టవైపు తిరిగినప్పుడల్లా అడ్డం నిలబడింది, గోడకేసి అదిమింది. అయిదు సెకన్లు దాటి అదిమితే తప్పు. రిఫరీ వేళ్లు మడుస్తూ నాలుగో వేలికి రాగానే వెనక్కి తగ్గేది, మళ్లీ మీద పడేది. ఈ పోటీలో రెండేసి జట్లు కలిసి ఒక పక్షంగా ఆడతాయి; బంతులన్నీ తోడు జట్టు రోబో వేసింది. రెండు పాయింట్లతో గెలిచారు.

ఆయన తిన్నగా జట్టుని తయారుచేసిన మాస్టారి మీదకి వెళ్లాడు. మన చెయ్యి ఆటకి మూడు బంతులు వేస్తుంది, తోడు జట్టుది పన్నెండు వేస్తుందని మాస్టారు నచ్చజెప్పబోయాడు.

"నాకు లెక్కలు చెప్పకండి మాస్టారూ. గడ్డివాము దగ్గర కుక్క పని నేర్పారు పిల్లలకి. చెయ్యి విప్పిందెవరు?"

మాస్టారు తల దించుకున్నాడు. వెనకనుంచి కూతురు చెప్పింది.

"నేనే నాన్నా. మాస్టారు వద్దనే అన్నారు. అది పైన ఉంటే చిన్న గుద్దుకే బోర్లా పడుతోంది. పొద్దున సెమీస్‌లో పడింది. నువ్వు చూళ్లేదు."

"అదేంటో తెలిసే విప్పావా?"

"తెలుసు. అమ్మని దాంతో నడిపించింది నేను. అప్పుడూ నువ్వు షెడ్లోనే ఉన్నావు."

కూతురు సంచిలోంచి చెయ్యి తీసి ఇచ్చింది. తన స్వెట్టర్‌లో చుట్టి, బోల్టులు వేరే కవర్లో ముడివేసి పెట్టింది. గొట్టం మీద ఒక్క గీత పడలేదు. అది చూసి ఆయనకి కోపం ఇంకా పెరిగింది.

ఇంటికెళ్లాక చేతిని షెడ్డులో మేకుకి తగిలించాడు.

"ఈ పోటీ మాట నా దగ్గర ఇంకెప్పుడూ ఎత్తకు. నేనూ ఎత్తను," అన్నాడు.

ఎత్తలేదు.