తోమిన సంచులు

"నీ చేతికి శుభ్రమంటే ఏమిటో తెలీదే," అనేవాడు రమీరో. నేను నానబెట్టిన సంచుల్ని బొటనవేలితో తడిమి, వేలికంటిన జిగురుని నా ఏప్రన్‌కే తుడిచేవాడు.

ఉల్లిపాయలు వచ్చే వల సంచులవి. వాటిలో పాత వలముక్కలు కుక్కి, మూతి కుట్టి, గుల్లపిల్లల తొట్లలో వేలాడదీస్తాం. సముద్రం ఒడ్డున మా తొంగొయ్ ఊళ్ళో సగం ఇళ్ళు ఆ విసనకర్ర ఆకారపు గుల్లల మీదే బతుకుతాయి. గుడ్డులోంచి వచ్చిన పిల్ల మూడు వారాలు నీళ్ళలో ఈదుతూ ఉంటుంది. దీపం పెట్టి చూస్తే నీళ్ళలో పొడి కదిలినట్టుంటుంది, అంతే. మూడు వారాలకి దానికొక నల్లచుక్క కన్నూ, ఒక కాలూ వస్తాయి. ఇక ఎక్కడో ఒకచోట అంటుకోవాలి. అంటుకుంటే గుల్లవుతుంది. లేకపోతే అడుగున మడ్డవుతుంది. ఆ మడ్డిని పైపుతో లాగి పారబోసేది నేను.

సహకార సంఘం హేచరీలో పిల్లల గదికి రమీరో పెద్ద. ఉద్యోగం ఆయనది. నేను "రమీరో భార్య"ని, పిలవకుండానే వచ్చి సాయం చేసే మనిషిని. పంతొమ్మిదేళ్ళుగా.

మొదటి సంవత్సరమే ఒకటి కనిపెట్టాను. కనిపెట్టాననడం కూడా ఎక్కువేమో. మా పాపకి జ్వరం వచ్చి, కడగడానికి నానేసిన సంచుల సంగతి మర్చిపోయాను. పన్నెండు రోజులు సముద్రపు నీళ్ళ గాబులో నానిపోయి, పాచిపట్టి జారుతున్నాయి. "బద్ధకస్తురాలు," అంది మా అత్త ఒర్తెన్సియా. వేరే సంచులు లేక వాటినే వేశాను. ఎప్పుడూ లేనన్ని పిల్లలు అంటుకున్నాయి. పక్క తొట్లో కొత్త సంచులు తెల్లగా, ఖాళీగా వేలాడుతున్నాయి. పరిగెత్తుకెళ్ళి చెప్పాను. రమీరో పడీపడీ నవ్వాడు. "మురికి మీద ముసరడానికి ఈగలటే అవి?" ఆ తర్వాత మాత్రం నేను సంచులు నానబెడుతుంటే ఒక్కసారీ వద్దనలేదు. తిట్టడమూ మానలేదు. ఎవరైనా వచ్చి ఇన్ని పిల్లలు ఎలా నిలబడుతున్నాయి మాస్టారూ అనడిగితే, "హస్తవాసి," అని తన చేతులు చూపించేవాడు.

మొన్న మార్చిలో కొకింబో యూనివర్సిటీ నుంచి గుల్లపిల్లల మీద పరిశోధనకి పలోమా వచ్చింది. ఇరవయ్యారేళ్ళుంటాయి. పొట్టి జుట్టు, ఉప్పునీళ్ళకి పగలని చేతులు. మైక్రోస్కోపు పెట్టెను చంటిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని బస్సు దిగింది. ఉండే గది దొరికేదాకా సాయంత్రం టీ మా ఇంట్లోనే.

ఆ రెండోరోజో మూడోరోజో, రొట్టె మీద అవకాడో రాసుకుంటూ అంది: "నానిన వస్తువు మీద సన్నటి జిగురు పొర పడుతుంది కదా, దాని రుచి చూశాకే పిల్ల దిగుతుందండీ. కాలితో తడిమి, బాగుంటే ఉంటుంది. శుభ్రమైన చోట దిగదు."

రమీరో చెంచా కింద పెట్టాడు. "ఆహా," అన్నాడు. "విన్నావా నెలీదా? చదువంటే ఇదీ! డాక్టరమ్మా, ఇంకొంచెం వివరంగా చెప్పండి."

టీ గిన్నె పట్టుకుని నిలబడిపోయాను. గిన్నె పిడి కాలుతోందని కూడా తెలీలేదు.

అసూయంటే అందరికీ ఒకటే తోస్తుంది. ఆ రాత్రి మా చెల్లెలు ఫోన్లో, "జాగ్రత్తే, వయసులో ఉన్న పిల్ల," అంది కూడా. నా మంట అది కాదు. ఆయన ఆమె ఒంటిని చూసినా నాకు ఇంత మండేది కాదు. ఆయన ఆమె మాట చివరిదాకా విన్నాడు. మధ్యలో ఉప్పు అడగలేదు, టీవీ వైపు చూడలేదు. తల కొంచెం పక్కకి వంచి, నోరు కొంచెం తెరిచి, నేర్చుకునే మొహంతో విన్నాడు. ఆయనకి అలాంటి మొహం ఒకటుందని పంతొమ్మిదేళ్ళలో నాకు తెలీదు. అది నాది. నాకు రావలసిన మొహం. ఆ పిల్ల వచ్చి మూడు రోజుల్లో రొట్టె తింటూ తీసేసుకుంది. గిన్నెలు కడుగుతూ ఆమె గొంతు, ఆమె "అంటే ఏంటంటేనండీ" అనే ఊతపదం నాలో నేనే అనుకరించి చూశాను. నా నోట్లో అది వెక్కిరింపులా వినబడింది.

ఏప్రిల్లో ఆమె సొంతంగా పెంచిన మొదటి తొట్టి పిల్లలకి కన్ను వచ్చింది. "అక్కా, సంచులు మీరే పెట్టండి. మీ గాబులో నానుతున్నవే చాలు," అంది.

అలాగే అన్నాను. వెనక్కి వెళ్ళి, గాబులో నానుతున్న సంచుల్ని అలాగే వదిలేసి, కొత్తవి తీశాను. బ్లీచింగు వేసి, బ్రష్షుతో, మోకాళ్ళ మీద కూర్చుని తోమాను. నాలుగు నీళ్ళలో జాడించి ఎండలో ఆరేశాను. మా ఆయన జన్మలో ఎన్నడూ చూడనంత శుభ్రంగా. అవే తీసుకెళ్ళి ఆమె తొట్లో వేలాడదీశాను.

ఐదో రోజు పలోమా నన్ను పిలిచింది. "ఒకసారి చూడండక్కా, సంచులు నానినవే కదా, నాకేం అర్థం కావట్లేదు." మైక్రోస్కోపు ముందు నన్ను కూర్చోబెట్టింది. ఆ గదిలో ముందు నుంచీ ఒక పాత మైక్రోస్కోపు ఉంది. "తడిచేతులతో ముట్టకు" అని రమీరో అనడం తప్ప నాకు దానితో పరిచయం లేదు.

కన్ను ఆనించాను. మొదట ఏమీ లేదు. తర్వాత అద్దంలాంటి చిన్న చిప్ప, లోపల నల్లచుక్క. దాంట్లోంచి సన్నటి కాలొకటి బయటికి వచ్చింది. సంచి పోగుని తడిమింది. వెనక్కి తీసుకుంది. కాస్త ఈది, మళ్ళీ వచ్చి తడిమింది.

"దిగడానికి చోటు వెతుక్కుంటోంది," అంది పలోమా నా చెవి దగ్గర. "నచ్చకపోతే కొన్నాళ్ళు ఆగగలదు. కానీ ఎన్నాళ్ళని ఆగుతుంది? నిన్నటి నుంచి అడుక్కి పడిపోతున్నాయి."

కన్ను తీసేశాను. లేచి వచ్చేశాను.

మర్నాడు పొద్దున సంఘం పెద్దలు ముగ్గురు వచ్చారు. రమీరో వాళ్ళ ముందు తొట్లోంచి తెల్లటి సంచి ఒకటి పైకి లాగి చూపించి అందుకున్నాడు. "మైక్రోస్కోపులో బొమ్మలు చూసుకోవడం తప్ప ఏం తెలుసమ్మా నీకు? శుభ్రమైన సంచులేస్తే దిగవని నువ్వే కదా మాకు పాఠం చెప్పావ్? ఇక్కడ సంచులు మాగబెట్టే పద్ధతి నాది, ఇరవయ్యేళ్ళుగా నాది. నీ చేతికి పని తెలీదు. ఆడపిల్లలకి అప్పజెబితే ఇంతే."

అబద్ధమెందుకు, కాసేపు హాయిగానే ఉంది. ఆమె మెడ ఎర్రబడి, ఆ సంచినే తిప్పితిప్పి చూసుకుంటుంటే నా కడుపులో చల్లగా ఉంది. తర్వాత ఆ మాటలు నాకు వినిపించాయి. అవి నావి. ఏళ్ళతరబడి నేను తిన్న తిట్లు, అదే గొంతుతో ఆమె మీద పడుతున్నాయి. ఆయనకి ఆమె డాక్టరమ్మా కాదు, నేను నెలీదానీ కాదు. తప్పు పెట్టడానికి ఒక మనిషి కావాలి, అంతే.

"ఆ సంచులు తోమింది నేను," అన్నాను.

అందరూ తిరిగి చూశారు.

"బ్లీచింగు పెట్టి తోమాను, కావాలనే. ఆమె నానినవే అడిగింది. మాగబెట్టే పద్ధతి కూడా నేనే కనిపెట్టాను. ఈగలటే అని నవ్వావు నువ్వు."

"నీకు మతి పోయిందా? ఇంటికి నడు!" అన్నాడు రమీరో. పెద్దల వైపు తిరిగి నవ్వబోయాడు. ఎవరూ నవ్వలేదు. వాళ్ళలో ముసలాయన మాత్రం, "రమీరో, ఇంతకీ ఆ గాబు ఎవరు చూస్తారు?" అని అడిగాడు. రమీరో టోపీ తీసుకుని బయటికి వెళ్ళిపోయాడు. వాళ్ళూ వెళ్ళారు.

పలోమా నన్ను కొడుతుందేమో అనుకున్నాను. "ఎందుకు చేశారు?" అంది. "నేను మీకేం చేశాను?"

"నువ్వేం చెయ్యలేదు. నీ మాట ఆయన విన్నాడు."

తొట్టిలోకి వంగి చూసింది. క్షమించినట్టు లేదు. "సగం పిల్లలు పోయాయి," అంది. "మిగతా వాటికి రెండు రోజుల టైముందేమో. ఆ నానిన సంచులు ఇంకా ఉన్నాయా?"

ఉన్నాయి. ఇద్దరం కలిసి మోశాం. మధ్యాహ్నానికి తోమినవన్నీ తీసేసి, జారుతున్నవి వేలాడదీశాం. రెండో రోజుకి అంటుకున్న పిల్లలతో పోగుల మీదంతా ఇసుక చల్లినట్టయింది. వేలితో మీటినా ఊడట్లేదు.

పలోమా నోటుపుస్తకం తెరిచి, తొట్టి నంబరు వేసి, "జరిగిందంతా రాస్తాను, మీరు చేసింది కూడా," అంది, నా వైపు చూడకుండా.

"రాయి."

"మీ పూర్తి పేరు?"

అక్కడ నన్నెవరూ ఎన్నడూ అడగలేదది. "నెలీదా పాస్తెన్ అరయా," అన్నాను. ఒక్కో అక్షరం రాసేదాకా ఆగాను. బయట రమీరో జీపు హారన్ కొడుతున్నాడు. ఇంటికెళ్ళే వేళయింది. నేను ఏప్రన్ విప్పి కొక్కానికి తగిలించాను.

"రేపు ఆయన వెనకాల రాను," అన్నాను పలోమాతో. "నేనే వస్తాను."