తడిగోడ

“ఇది ఇల్లా, నీలిమందు బానా?”

గడపలో నిలబడి అత్త మేరీ అన్న మాట అది. ప్రేమకుమారి చేతిలో నారకుంచె అట్లాగే ఆగిపోయింది.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన ఏడు. జమ్మలమడుగులో ఆ ఇంటికి కోడలిగా వచ్చాక అదే మొదటి క్రిస్మస్. అత్త దువ్వూరులో చుట్టాల ఇంటికి పోయిన అదను చూసి, సున్నపు తొట్టిలో నీలిమందు కలిపి, ముందు గదిలో ఒక గోడకు పూసేసింది. తెల్లవారేటప్పటి ఆకాశంలా రావాలని ఆశ. గోడ మాత్రం సిరా ఒలికినట్టు నల్లగా, మరకలు మరకలుగా తేలింది. ఏం చేయాలో తోచక నిలబడి ఉండగానే అత్త బస్సు దిగి వచ్చేసింది. వెనకే ఆసుపత్రిలో పని ముగించుకొని భర్త సాలోమోను.

“ఏందే ఇది? పండగ ప్రార్థనకు పాస్టరు అయ్యగారొస్తే ఏమనుకుంటాడు? మన గోడ చూస్తే మర్యాదస్తులని తెలియల్ల. కడుగు!” అన్నాడు.

“నీలికుండలో పడిన నక్క కథ బడిలో చెప్తాంటారే పంతులమ్మలు, ఈమెకు తెలీనట్టుంది” అని అత్త నవ్వింది.

ప్రేమకుమారి మిషన్ హాస్టల్లో పెరిగి పంతులమ్మ అయిన పిల్ల. అంతకుముందు సున్నపు కుంచె పట్టి ఎరగదు. తప్పు తనదే అనుకుంది. తడి ఆరకముందే తనే గోడ కడిగి, తెల్లసున్నం కొట్టింది.

అక్కడితో పోయి ఉంటే బాగుండేది. పోలేదు. “మా కోడలికి రంగులు తెలీవు” అన్న మాట ఆ ఇంట్లో దేవుని వాక్యంలాగా స్థిరపడింది. కిటికీకి తను కుట్టిన పూలగుడ్డ తెర పెట్టెల మీద దుమ్ము పడకుండా కప్పడానికి పోయింది. పెరటి గన్నేరు కొమ్మ సీసాలో పెడితే, “సమాధుల తోట చేస్తాండావా ఇంటిని” అని అత్త తీసి పారేసింది. చీరలు సాలోమోను ప్రొద్దుటూరులో కొని తెచ్చేవాడు. “ఆమెకేం తెలుసు, నేనే చూసినా” అని అంగడివాడితో అన్నానని ఇంటికొచ్చి గర్వంగా చెప్పేవాడు. ఆమె బడిలో పాఠాలు చెప్పి వచ్చి, ఆ తెల్లగోడలు తుడిచి, ఆ గోడల మధ్య వండి, ఆ గోడల మధ్యే పిల్లను కని పెంచింది. ఒక్క మేకు ఎక్కడ కొట్టాలో ఆమెను అడిగినవాళ్ళు లేరు. అన్నిటికంటే ఘోరం ఏమిటంటే, కొన్నాళ్ళకు ఆమే చెప్పడం మొదలుపెట్టింది. బడిలో వార్షికోత్సవానికి తోరణాలు కడుతూ ఎవరైనా పిలిస్తే, “రంగుల సంగతి నన్నడగొద్దమ్మా, నాకు తెలీవు” అని నవ్వేది. ఎవరి మాటో తన నోట్లోంచి వస్తున్నదని ఆమెకు ఒక్కసారీ అనిపించలేదు.

అత్త పోయింది. కూతురు కడపలో నర్సు చదువుకు చేరింది. ఆ ఏడే పరీక్షల పని మీద ప్రేమకుమారి పులివెందులకు పోయి, వనజమ్మ అనే పంతులమ్మ ఇంట్లో దిగింది.

పొద్దున లేచేసరికి వనజమ్మ కొంగు దోపుకొని గోడకు సున్నం కొడుతోంది. నీలం సున్నం. గోడ నల్లగా, మరకలు మరకలుగా ఉంది.

ప్రేమకుమారి పరుగున వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. “అయ్యో, చెడిపాయనే! కడిగేయ్, కడిగేయ్!”

వనజమ్మ పకపకా నవ్వింది. “తడి మీద ఎవురన్నా రంగు చూస్తారా అక్కా? సున్నం ఆరితే కదా దాని నిజం తెలిసేది! తెల్లసున్నం మాత్రం తడి మీద బాగుంటాదా? కుడితినీళ్ళ మాదిరి ఉంటాది. సున్నం కొట్టిన ఏ ఆడదాన్నైనా అడుగు, చెప్తాది.”

మధ్యాహ్నానికి గోడ ఆరింది. తెల్లవారేటప్పటి ఆకాశం!

ప్రేమకుమారి ఆ గోడ ముందు కూలబడింది. సున్నం కొట్టిన ఏ ఆడదాన్నైనా అడుగు! ఏటేటా పండగకు ఇల్లంతా సున్నం కొట్టిన చేతులు అత్తవి. ఆమెకు తెలియకపోవడమేమిటి? తెలుసు. తెలిసే నవ్వింది. ఇల్లు తనదని చెప్పడానికి ఆమెకు వేరే దారి లేకపోయింది కాబోలు. తను ఒక్కపూట ఓపిక పట్టి ఉంటే సరిపోయేది. ఆ ఒక్కపూట కోసం తన వయసంతా పోయింది.

జమ్మలమడుగుకు తిరిగొచ్చాక, క్రిస్మస్ ముందర, పాత గోడకే నీలం పూసింది. కూలివాళ్ళను పిలవలేదు. మిగతా గోడలు తెల్లసున్నం కోసం అప్పటికే గీకేసి ఉండటంతో బోడిగా ఉన్నాయి.

సాలోమోను వచ్చి గడపలోనే నిలబడిపోయాడు. “మళ్ళా మొదలుపెట్టినావా? నీకు రంగులు తెలీవని ఎన్నితూర్లు చెప్పల్ల? కడుగు!”

ఆమె కాళ్ళు నీళ్ళబిందె వైపు పోబోయాయి. అయినా పోక గోడకు అడ్డంగా నిలబడింది.

“ఆరనీ మామా.”

“ఆరితే బంగారమైతాదా?”

“ఆరినంక మాట్లాడు. అంతదాకా దీన్ని ఎవురూ తాకకూడదు. నువ్వు గూడా.”

ఆ గొంతు అతను ఎన్నడూ విన్నది కాదు. గొణుక్కుంటూ పెరట్లోకి పోయాడు. అన్నం తిని, కునుకు తీసి, లేచి వచ్చి చూశాడు. గోడ ఆరి లేతనీలంగా తేలింది.

“బాగానే ఉందే! ఇంత తెలిసినదానివి ఆ పొద్దే చెప్పింటే?”

“ఆ పొద్దు నాకు తెలీదు. మీ అమ్మకు తెలుసు.”

సాలోమోను గోడ దగ్గరకు పోయి వేలితో తాకి చూశాడు.

ప్రేమకుమారి గోడవైపు తిరిగింది. సంతోషం వస్తుందని ఎదురుచూసింది. రాలేదు. రంగు చక్కగా ఉంది, అనుకున్నట్టే ఉంది. కానీ దాన్ని అనుకున్నది హాస్టలు నుంచి పెట్టెతో వచ్చిన ఒక పడుచుపిల్ల. ఆ పిల్ల ఇప్పుడు లేదు. ఈ తలనెరిసిన మనిషికి ఏ రంగు ఇష్టం? నీలమా? మరేదన్నానా? ఎంత తడుముకున్నా ఆమెకు జవాబు దొరకలేదు. ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు సరే, తనను తానూ అడగలేదు.

సాలోమోను మెత్తబడ్డాడు. “సరే పోనీ, తక్కిన గోడలకూ ఇదే కొట్టిద్దాంలే.”

“వద్దు.”

“తెల్లదేనా మరి?”

“అదీ వద్దు.”

“ఇంకేం రంగు?”

“తెలీదు మామా. తెలిసేదాకా ఇట్లే బోడిగా ఉండనీ.”

“పండగ నెత్తిమీదుంది కదే! అయ్యగారొచ్చి, ఏమప్పా సాలోమోనూ, గోడలిట్లున్నాయే అంటే నేనేం చెప్పల్ల?”

ప్రేమకుమారి కుంచె కడిగి గోడకు ఆనించింది.

“ఈ ఇంటామె ఇంకా ఆలోచిస్తాంది అని చెప్పు.”