ఎర్రగడ్డల బండి మైకు

నేను ఒక చేతి మైకును. గరాటులాంటి నోరు, పిడి మీద ఎర్ర మీట, కడుపులో ఆరు బ్యాటరీలు. మొదట కబడ్డీ పోటీలు నడిపే ఒక డ్రిల్లు మాస్టారి దగ్గర అరిచాను. ఆయన రిటైరయ్యాక, ఆదోనిలో బండి మీద ఎర్రగడ్డలు, అంటే ఉల్లిపాయలు, అమ్మే మస్తాన్‌వలి నన్ను కొన్నాడు. మనుషులు విచిత్రమైనవాళ్లు. మెల్లగా చెప్పుకోవాల్సినవి నా నోట్లో పెడతారు, గట్టిగా చెప్పాల్సినవి మింగేస్తారు.

మా బండి ఆగే వీధిలో ఉరుకుందమ్మ ఉండేది. జొన్న రొట్టెలు చేసి హోటళ్లకు వేసేది. పిండిమర కోసం ఒక ఫైనాన్సు కంపెనీలో అప్పు తీసుకుంది. జారిపడి కుడి మణికట్టు విరిగింది. రొట్టె తట్టే చెయ్యి అది. నెలనెలా కట్టాల్సిన కంతులు రెండు నెలలు కట్టలేకపోయింది.

ఒకరోజు పొద్దున మస్తాన్‌వలి తూకంలో ఉండగా ఆ కంపెనీ వసూలు మనిషి వచ్చి, అడక్కుండానే నన్ను తీసుకున్నాడు. ఆమె గుమ్మం ముందు నిలబడి, ఇంటిపేరుతో సహా ఆమె పేరు చెప్పి, "అప్పు ఎగ్గొట్టిన మనిషి, చూసుకోండి" అని నాలుగుసార్లు అరిచాడు. నా గొంతుతోనే. ఆమె తలుపు వేసుకుంది. మస్తాన్‌వలి పరుగున వచ్చి నన్ను లాక్కునేసరికి వీధంతా వినేసింది.

మూడు రోజులు ఆమె బయటికి రాలేదు. నాలుగోరోజు మస్తాన్‌వలి తలుపు తట్టాడు.

"నా మైకుతోనే కదమ్మా అరిచినాడు. నాకు కూడు దిగడంల్యా. వకీలు కాడికి పోదాం పా."

"అప్పు నిజమే కదన్నా. ఏ మొగం పెట్టుకొని పోయేది?"

అయినా వెళ్లింది. నన్ను భుజాన వేసుకుని మస్తాన్‌వలి తోడు వచ్చాడు. ఉచిత న్యాయసహాయం చేసే ఆఫీసులో సుహాసిని అనే వకీలమ్మ అంతా విన్నది.

"అప్పు కట్టాల్సిందే, అది వేరే మాట. వీధిలో పరువు తీసే హక్కు మాత్రం వాళ్లకు లేదు. బెదిరించకూడదు. పొద్దున ఎనిమిదికి ముందు, సాయంత్రం ఏడు దాటాక ఫోన్ కూడా చెయ్యకూడదు. రిజర్వు బ్యాంకు పెట్టిన నియమాలివి. ముందు కంపెనీకే రాద్దాం. నెలలో జవాబు రాకపోతే, ఇలాంటి ఫిర్యాదులు వినే అంబుడ్స్‌మన్‌కు పంపుదాం. సాక్షి ఎవరైనా ఉన్నారా?"

"నేనున్నానమ్మా," అన్నాడు మస్తాన్‌వలి.

సంతకం పెట్టేముందు కాగితం మీది కంపెనీ పేరు రెండుసార్లు చదువుకున్నాడు. అతని బండి మీద అప్పు కూడా ఆ కంపెనీదే.

ఇరవై రోజులకు జవాబు వచ్చింది. వసూలు మనిషిని పనిలోంచి తీసేశారు. క్షమాపణ రాసిచ్చారు. చెయ్యి నయమయ్యేదాకా కంతులు వాయిదా వేశారు. మస్తాన్‌వలి జోలికి ఎవరూ రాలేదు.

అతడు సంబరంగా నన్ను పట్టుకొని ఆమె ఇంటికి పోయాడు. "ఈ కాగితం వీధంతా వినబడేట్లు చదువుతానమ్మా."

ఆమె నవ్వింది. "వద్దన్నా. నేనే చెప్పుకుంటా."

మస్తాన్‌వలి నన్ను బండి కొక్కేనికి తగిలించాడు. ఆమె కాగితం పట్టుకుని ఒక్కో ఇంటికీ వెళ్లింది. ఆమెది చిన్న గొంతు. బండి దాకా మాటలేవీ అందలేదు. అందింది ఒక్కటే, ప్రతి గుమ్మంలోనూ ఆమె కోసం కుర్చీ జరిపిన చప్పుడు.