నా రాగం మీద పడిన ఈల

ఆ పాట మీరు వినే ఉంటారు. వినలేదంటే డిసెంబరు నెలలో ఒక్కసారి కూడా మా ఆదోని వైపు రాలేదన్నమాట. ‘చుక్క పొడిచినాది పాక మీదా’ అని మొదలవుతుంది. కింద డిస్కో దరువు దడదడలాడుతుంటుంది. పల్లవి చివర ఒక ఆడగొంతు ‘ఆ...’ అంటూ పైకి లేస్తుంది. లేచీ లేవకముందే దాని మీద ఈల పడుతుంది. అంతే, ఉన్నవాళ్లంతా ఎగిరి గంతేస్తారు. ఆ ఆడగొంతు నాదే. నా పేరు దానమ్మ, ఎమ్మిగనూరు బస్టాండు పక్కన బొరుగుల ఉగ్గాణి, బజ్జీ అమ్ముతాను. ఆ ఈల ఎవరిదో కూడా చెబుతాను గానీ, చెప్పేటప్పుడు నాకు కోపం వస్తుంది, మీరే సర్దుకోవాలి.

మాది హాలహర్వి పక్కన పల్లె. నాకు పదహారేళ్లప్పుడు, మా చర్చిలో క్రిస్మస్‌కు ఆడపిల్లలం చెక్కభజన వేద్దామనుకున్నాం. చేతుల్లో చెక్కలు మోగిస్తూ, పాడుతూ, వరసగా అడుగులేసే ఆట అది. నేర్పగలిగినవాడు ఊళ్లో ఒక్కడే, ఉరుకుందప్ప మామ. ఆయన ఆంజనేయస్వామి భక్తుడు, శనివారం ఒంటిపూట. అయినా అడిగిన వెంటనే వచ్చాడు. ఏ దేవుడి ముందరైనా అడుగు తప్పకుంటే చాలన్నాడు. మెడలో ఎర్రదారానికి ఒక ఇత్తడి ఈల వేలాడేది. పల్లవి అయిపోగానే ఆయన ఈల ఊదాలి, మేం అడుగు మార్చాలి. ఆయన ఊదేదాకా కొంప మునిగినా అదే అడుగు వేస్తుండాలి.

పాట కట్టింది ఆదోని ప్రేమ్ కుమార్. అప్పటికి మీసాలు సరిగా రాలేదు గానీ సొంత కీబోర్డు ఉందని మహా గర్వం. మొదట దాన్ని జోలపాటలా సాగదీసి కట్టాడు. దీనికి అడుగేస్తే పిల్లలు నిలబడే నిద్రపోతారని మామ అన్నాడు. ప్రేమ్ కుమార్‌కు పౌరుషం పొడుచుకొచ్చింది. కీబోర్డులో డిస్కో దరువు నొక్కి, ఇప్పుడు వేయించు చూద్దామన్నాడు. మామ వేయించాడు. పాస్టరుగారు కాసేపు మొహం ముడుచుకుని కూర్చున్నారు. తర్వాత చూస్తే ఆయన చెప్పు కూడా నేల మీద టపటపలాడుతోంది. మా పాట అలా డిస్కో అయింది.

ఆ ఏడాదే క్యాసెట్టు చేద్దామన్నారు. ఆదోనిలో ఒక క్యాసెట్ల దుకాణం మేడ మీద చిన్న గది, ఒకే ఒక్క మైకు. మా అమ్మానాన్నలు మామ వెంట ఉంటేనే పంపిస్తామన్నారు కాబట్టి ఆయనా వచ్చాడు. డిసెంబరు చలిగాలిలో, ట్రాక్టరు తొట్టిలో, దారి పొడుగునా గొంతు చించుకుని పాడుకుంటూ వచ్చాం. గదిలో నిలబెట్టి పాడమంటే మాకు పాట రాలేదు. అడుగేస్తే గానీ మా నోరు తెరుచుకోదు. సరేనని అక్కడే అడుగులేస్తూ, చెక్కలు మోగిస్తూ పాడాం. కరెంటు పోయేలోపు ముగించాలని దుకాణమాయన తొందరపెడుతున్నాడు.

అందరూ పల్లవి పాడాక ఆ చివరి ‘ఆ...’ నేనొక్కదాన్నే తీయాలి. ప్రేమ్ కుమార్ ఆ రాగం నాకోసమే కట్టాడు. మెట్టు మీద మెట్టు ఎక్కి, పైన కాసేపు నిలబడి, మెల్లగా దిగాలి. నేను ఎక్కుతున్నాను. ఇంకా పైమెట్టు చేరనేలేదు, పక్కనే ఉన్న మామ ఈల ఊదేశాడు. ఊదాల్సింది రాగం అయ్యాక గదా, మధ్యలోనే ఊదేశాడు. ఈల పడగానే పిల్లలు అడుగు మార్చి మిగతా పాట ఎత్తుకున్నారు. పాట అయింది, కరెంటు పోయింది. మళ్లీ పాడతానని నేను ఏడ్చాను. ఎవరు వింటారు? పెద్దాయనకు అలవాటులే, చెయ్యి ఆగలేదని అందరూ తేల్చేశారు. మామ కూడా అవునన్నట్టు తల ఊపాడు.

క్యాసెట్టు బయటికొచ్చాక జనం చెవులు కోసుకున్నారు. దేనికి? నా గొంతుకు కాదు, ఈలకు. ప్రేమ్ కుమార్ బొంబాయి డిస్కోలో ఈలలు విని పెట్టాడని కొందరన్నారు. వాడు కాదనలేదు. పెళ్లి బ్యాండువాళ్లు పట్టుకున్నారు, ఆటోలవాళ్లు పట్టుకున్నారు. ఒక ఏడాది కైరుప్పలలో ఉగాది తర్వాత ఊరు రెండు జట్లుగా ఆడే పిడకల యుద్ధానికి పోతే అక్కడా ఎవరో ట్రాక్టరులో ఇదే పెట్టారు. ఇటు పిడకలు ఎగురుతున్నాయి, అటు బాలయేసు పుట్టాడని నేను పాడుతున్నాను. ఇప్పుడు ఫోన్లలో రీల్స్ చేస్తున్నారట, మా అమ్మాయి ఇందు చూపించింది. నేను ఏ చర్చిలో పాడినా ఆ చోటు రాగానే ఎవడో ఒకడు నోట్లో వేలు పెట్టి ఈల వేస్తాడు. ముప్పై ఏళ్లు. ఒక్కసారంటే ఒక్కసారి నా రాగం చివరిదాకా ఎవరూ వినలేదు. మామ కనబడినప్పుడల్లా తిట్టేదాన్ని. నా నోటికి జడిసి మా వీధి కుక్కలే పక్కకు తప్పుకుంటాయి. ఆయన మాత్రం నిలబడి అంతా విని, నవ్వి, ఉగ్గాణి తిని పోయేవాడు.

పోయిన డిసెంబరులో ప్రేమ్ కుమార్ మా అంగడికి వచ్చాడు. ఇప్పుడు తల నెరిసింది, సౌండు సిస్టం అద్దెకిస్తాడు. ఆదోనిలో పండగకు ముందు జరిపే సెమీ క్రిస్మస్ పెద్దగా చేస్తున్నామని, పాట నేనే పాడాలని అడిగాడు. ఇందు, దాని స్నేహితురాళ్లు చెక్కభజన వేస్తారన్నాడు. నేను బజ్జీలు తిప్పుతూనే ఒక షరతు పెట్టాను. ఈల ఉండకూడదు. నా రాగం చివరిదాకా వినపడాలి. వాడు తల పట్టుకున్నాడు.

“అక్కా, ఆ పాటకు ఈలే ప్రాణం.”

“అయితే ఈలనే పిలుచుకోని పోయి పాడించుకోప్పా” అన్నాను.

చివరికి ఒప్పుకున్నాడు. మైకులో ముందే చెప్పి జనాన్ని ఆపుతానన్నాడు. మామకు మాత్రం నేనే ఫోను చేసి, వస్తే రా గానీ ఊదొద్దని చెప్పాను. సరే పాపా అన్నాడు. ఆ మాట అంత తేలికగా అన్నందుకు కూడా నాకు ఒళ్లు మండింది.

వారం రోజులు చల్లనీళ్లు ముట్టలేదు. బజ్జీల పొగ తగలకుండా ముక్కుకు గుడ్డ కట్టుకున్నాను. గొంతు అరిగిపోతుందని గట్టిగా ఒక్కసారి కూడా పాడలేదు, లోపల్లోపల అనుకున్నానంతే. ఆ సాయంత్రం మైదానం నిండా జనం. ఉరుకుందప్ప మామ తెల్ల చొక్కా, మడత పంచె కట్టుకుని ముందు వరసలో కూర్చున్నాడు. కాలరు సందులో ఎర్రదారం కనబడింది. తెచ్చాడన్నమాట. స్టేజీ మీద నుంచే గుడ్లురిమాను. ఆయన రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టి చూపించాడు.

ఈ రోజు ఈల ఎవరూ వేయొద్దని ప్రేమ్ కుమార్ రెండు చేతులూ జోడించి చెప్పాడు. దరువు మొదలైంది. పిల్లలు అడుగులేస్తున్నారు, ఇందు అందరికంటే బాగా వేస్తోంది. పల్లవి వచ్చింది. నేను రాగం ఎత్తాను. మైదానమంతా నిశ్శబ్దం. ఒక మెట్టు ఎక్కాను. ఇంకొకటి ఎక్కాను. నా గొంతు నాకే ముద్దొచ్చింది. ముప్పై ఏళ్లుగా అడిగింది ఇదే కదా అనుకుంటూ పైమెట్టుకు పోయాను. అక్కడ గొంతు పట్టుకుంది. గాలి ఉంది, పాట లేదు. ఇంతమంది ముందర గొంతు ఇప్పుడు కీచుమంటుంది, రేపటికి అది ఫోన్లన్నిటిలో ఉంటుంది, నా బతుక్కు ఇదే మిగులుతుంది అనుకున్నాను.

ఈల పడింది. ఇత్తడి ఈల, గట్టిగా, పొడుగ్గా. మైదానమంతా ఒక్కసారిగా ఎగిరింది. ఇందు వాళ్లు అడుగు మార్చారు, చెక్కలు మోగాయి, పాట ముందుకు పోయింది. నా గొంతు తెగిన సంగతి ఒక్కరికీ తెలియలేదు. మిగతా పాట ఎలా పాడానో నాకు గుర్తులేదు.

స్టేజీ దిగి తిన్నగా మామ దగ్గరికి పోయాను. ఆయన ఈలను చొక్కాకు తుడిచి లోపల వేసుకుంటున్నాడు. తప్పు చేసిన పిల్లాడిలా నా వైపు చూశాడు.

“ఊదొద్దని సెప్పింటి గదా మామా.”

“సెప్పినావు పాపా. ఊరికే ఉందామనే కూసున్యా. నీ గొంతు తెగె. ఆ పొద్దు గూడా ఆడనే తెగబోయింది.”

మేడ మీది ఆ చిన్న గది, ట్రాక్టరు తొట్టిలో చలిగాలి, పొద్దున్నుంచీ అరిచి అరిచి గీరుకుపోయిన నా గొంతు, అన్నీ ఒకటొకటిగా గుర్తొచ్చాయి. ఆ ఈల అలవాటు కొద్దీ పడింది కాదు.

“మరి ఇన్నేండ్లు సెప్పకుండా ఎందుకుంటివి?”

“సెప్పింటే నువ్వు మళ్లా పాడతాంటివా?”

అక్కడే ఆయన పక్కన కుర్చీలో కూలబడి ఏడ్చాను. ఏ పండగకు కనబడినా, ఏ పెళ్లిలో కనబడినా, నలుగురిలో నిలబెట్టి నేను తిట్టిన తిట్లన్నీ ఆయన తిన్నాడు. పాట చెడగొట్టినవాడన్న పేరు మోశాడు, నాకు మాత్రం మంచి గొంతుందన్న పేరు మిగిల్చాడు. నేను ఏడుస్తుంటే ఆయనకు ఏం చేయాలో తోచలేదు. నా కళ్లు తుడుద్దామని పంచె చెంగు చూసుకుని, అది మాసిందనుకున్నాడో ఏమో, పక్కవాళ్లను అడిగి నాకు నీళ్లు ఇప్పించాడు.

అంతలో ప్రేమ్ కుమార్ పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఈల పడినందుకు నేను మైకు విరగ్గొడతానని భయపడుతున్నట్టున్నాడు. నా మొహం చూసి కొంచెం ధైర్యం తెచ్చుకుని, వచ్చే ఏడాది ఎమ్మిగనూరులో కూడా పాడతావా అక్కా అని అడిగాడు.

పాడతాను గానీ నాకొక షరతుంది అన్నాను. వాడు మళ్లీ తల పట్టుకోబోయాడు.

“మామకు నా పక్కనే ఇంగో మైకు పెట్టాల” అన్నాను.