సీసాలు కడిగినవాళ్ళ కథకు చేదు బీరు

రండి రండి, దగ్గరికి జరగండి. వెనకాల ఆ గుసగుసలు ఆపండి బాబూ. కుర్చీ ఈడ్చేదెవరో కాస్త ఎత్తి పెట్టుకోండి. ఇది మ్యూజియం పిన్ని కథ. అబద్ధమని తోస్తే మధ్యలో అడ్డు తగలకండి, ఇంటికెళ్ళి అనుకోండి.

మ్యూజియం హాల్లో శుక్రవారం సాయంత్రాలు చరిత్ర చెప్పేది పిన్నే. మొదట్లో వినడానికి గడ్డి కూరిన జింక ఒక్కటే ఉండేది. అదీ మొహం పక్కకు తిప్పుకునేది. పెరటి షెడ్డులో బీరు కాచుకునే మరిది అది చూసి జాలిపడ్డాడు.

"వదినా, నీ కథకు నా బీరు జత చేద్దాం. ఎండిన గొంతుతో చరిత్ర ఎవడు మింగుతాడు?"

అంతే, హాలు కిటకిటలాడింది. రాతి విగ్రహాలు సైతం పొట్ట లోపలికి పీల్చుకుని జనానికి చోటిచ్చాయి.

పద్ధతి ఒకటే, కథకో గ్లాసు. ఊరు పుట్టిన కథకు తియ్యటిది, వంతెన కూలిన కథకు పుల్లటిది. ఆ శుక్రవారం మూడో కథ కొత్తది. పాత బీరు ఫ్యాక్టరీలో సీసాలు కడిగిన ఆడవాళ్ళది. పగిలిన సీసాలకు వాళ్ళ చేతులు తెగితే, యజమాని కట్టు కట్టించలేదు సరికదా, నెత్తురు చేతులు బీరుకు పనికిరావని గేటు బయటికి గెంటించాడు. వాళ్ళు గోడ దూకి మళ్ళీ లోపలికెళ్ళి తొట్ల కుళాయిలన్నీ తిప్పేశారు. వాళ్ళలో పిన్ని అమ్మమ్మ ఒకతె. ఆ కథ కోసమే మరిది చేదు బీరు కాచాడు. ఎంత చేదంటే, పీపా మీద వాలిన ఈగ మొహం ఇప్పటికీ మామూలు కాలేదు.

మ్యూజియం కమిటీ అధ్యక్షుడు ఆ యజమాని మనవడే. కథ మొదలవకముందే పిన్నిని గుమ్మం దగ్గర ఆపాడు.

"చూడమ్మా, మొదటి రెండూ చెప్పు. మూడోది మా తాతగారి పరువు. అది నీ నోట్లోంచి వచ్చిందా, హాలు తాళాలు ఇచ్చేసి నీ చరిత్ర ఇంట్లో చెప్పుకో."

పిన్ని నడుముకున్న తాళాల గుత్తి తడుముకుంది. ఇంట్లో ఎవరికి చెప్పుకోవాలి? "అనగనగా" అనేలోపే మొగుడు గురక పెడతాడు. ఆవిడ బతుకంతా ఈ హాల్లోనే ఉంది.

రెండు కథలూ చెప్పింది. మూడోదానికి వచ్చేసరికి నీళ్ళు నమిలింది. "ఇవాళ్టికి ఇంతేనండీ."

"అదేంటమ్మా, మూడో గ్లాసు?" అన్నాడో బట్టతలాయన.

మరిది వెళ్ళి పీపా మీద కూచున్నాడు. "పొయ్యను. ఇది ఆ కథకని కాచింది. కథ రాకుండా చుక్క జారదు."

ముందు వరసలో అధ్యక్షుడికీ నాలుక పిడచగట్టుకుపోతోంది. "వేరేది చెప్పమ్మా. మా తాతగారు తోట వేయించారు కదా, అది చెప్పు."

"తోట కథకైతే నీళ్ళు పట్టుకోండి సార్," అన్నాడు మరిది. "కుళాయి పెరట్లో ఉంది."

హాలంతా గొల్లుమంది. పిన్ని మాత్రం నవ్వలేదు. అద్దాల పెట్టెలో ఆ తాతగారి మఖమల్ కుర్చీ కనిపిస్తోంది. సీసాలు కడిగిన బ్రష్షు మాత్రం మ్యూజియం మొత్తం వెతికినా ఒక్కటీ లేదు.

"బాబుగారూ, ఆ కుర్చీకి దుమ్ము పట్టకుండా ఇన్నేళ్ళు తుడిచాను," అంది. "మా అమ్మమ్మ తెగిన చేతులకి ఇందులో చోటెక్కడ పెట్టారు? పొయ్యవయ్యా మరిదీ!"

అధ్యక్షుడు ఒంటికాలి మీద లేచాడు. మైకు పీకేశాడు. పిన్ని గొంతుకు ఇన్నాళ్ళూ ఆ మైకే అడ్డమని అప్పుడు తెలిసింది, పై అంతస్తు కిటికీలు గడగడలాడాయి. లైట్లు ఆర్పేశాడు. గ్లాసుల మీద నురగ ఎంత తెల్లగా ఉందంటే, ఆ వెలుగులో జనం ఒకరి మొహాలొకరు చూసుకుంటూ విన్నారు. కుళాయిలు తిప్పాక బీరు వీధుల్లో పారిందని, ఆ పేటలో కోళ్ళు నెలంతా పక్కకే నడిచాయని చెబుతుంటే, గడ్డి జింక పగలబడి నవ్వి కుట్లు ఊడదీసుకుంది.

"తాళాలు!" అని అరిచాడు అధ్యక్షుడు.

పిన్ని నడుముకున్న గుత్తి తీసి ఆయన చేతిలో పెట్టింది. "తాళాలు మీవి. నోరు నాది. దానికి తాళం మీ తాతగారే వెయ్యలేకపోయారు."

చెబుతున్న కథ ఆపకుండానే బయటికి నడిచింది. జనం కుర్చీలు నెత్తిన పెట్టుకుని వెనకాలే కదిలారు. మరిది పీపా దొర్లించుకొచ్చాడు. మ్యూజియం మెట్ల మీద, వీధి దీపం కింద, సీసాలు కడిగిన ఆడవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే గట్టిగా చెప్పింది. పేరు పేరుకీ జనం గ్లాసు ఎత్తారు. వెనక హాలు తలుపు ధడేల్న మూసుకుంది. పిన్ని అటు తిరిగి కూడా చూడలేదు.

"వచ్చే శుక్రవారం ఇక్కడే!" అంది. "ఈ మెట్లకి తలుపుల్లేవు."

చప్పట్లు ఇంకా ఆగలేదు. గోడవార స్కూటరు ఆపుకుని మొదట్నించీ వింటున్న ఒకాయన బెదురుగా ముందుకొచ్చాడు.

"అమ్మా, నేను బీరు ముట్టలేదండీ, కథ మాత్రమే విన్నాను. ఇప్పుడు బండి నడపొచ్చా?"