గుంతల్లో కూర్చున్నవాళ్లు

అక్షరాలు ఆలస్యంగా నేర్చినదాన్ని. మా ఆయన పోయాకే పలక పట్టాను, చెయ్యి ఇంకా నెమ్మదే. ఒత్తులు తప్పితే సర్దుకుని చదవండి. కార్ఖానాల్లో పనిచేసేవాళ్లకీ, చదువుకునే పిల్లలకీ తెలియాలని రాస్తున్నాను.

ఆ పొద్దున, మా వాడలో కూలి జట్టుని నడిపే మేస్త్రమ్మ మనవరాలికి మళ్లీ ఆయాసం వచ్చింది. బిడ్డ రొమ్ములో పిల్లికూతలు. దుప్పటి మీద వేలితో గీస్తే గీత పడేంత మసి. మేస్త్రమ్మ ఆ మసి దులిపి, పార భుజాన వేసుకుని, మసి కక్కే కార్ఖానాకే పనికి బయల్దేరింది. వెనకాల ఆమె జట్టు ఆడవాళ్లు.

చట్టం ఉత్తదని అనకూడదు. చిమ్నీల వెనక మా వాడంతా కదిలి కోర్టుకెక్కితే, కార్ఖానా మురుగు కాలువలో కలవకుండా ఆపింది ఆ చట్టమే. రెండో చిమ్నీకి అది ఒక షరతు పెట్టింది: కార్ఖానాకీ ఇళ్లకీ నడుమ దట్టంగా చెట్లుండాలి. అందుకని తనిఖీ వచ్చినప్పుడల్లా కంపెనీ మొక్కలు తెప్పిస్తుంది. ఈ జట్టు నాటుతుంది. అధికారి ఫొటోలు తీసుకుని వెళ్తాడు. ఆ తర్వాత చుక్క నీళ్లు పోసే నాథుడుండడు. మళ్లీ తనిఖీకి అవే గుంతలు, కొత్త మొక్కలు. ఈసారి తనిఖీ గట్టెక్కితే మూడో చిమ్నీ లేస్తుంది.

గుంతలు తవ్వుతుంటే మేస్త్రమ్మ తోడికోడలు ఒక ఎండుపుల్ల పీకి ఆమె ముందు పడేసింది.

"కిందటిసారి నువ్వు నాటిందే అక్కా. ఆ మూడో పొయ్యికి కూడా మనమే పుల్లలు ఎగదోస్తున్నాం."

"కూలి మానుకుంటే తినేదేంటే?"

జట్టులో వాదన రేగింది. మనం మానితే ఇంకొకళ్లు నాటుతారని కొందరు, నాటనీ, మన చేతికి మట్టి అంటదు కదా అని కొందరు. ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షమంటారు, ఇక్కడ అదీ బతకలేదని ఒక ముసలామె నవ్వించింది. ఆ నవ్వు కాస్తా దగ్గులోకి తిరిగింది. ఎంతకీ ఆగలేదు.

మేస్త్రమ్మ దగ్గు ఆగేదాకా చూసింది. ప్రతిసారీ జట్టుని కూడగట్టి తెచ్చింది తనే. పార పక్కన పెట్టి, మోకాళ్లు పట్టుకుని మెల్లగా గుంతలోకి దిగి కూర్చుంది. తోడికోడలు పక్క గుంతలో దిగింది. తర్వాత ఒకరి వెనక ఒకరు.

అధికారి జీపు దిగేసరికి గుంతకో మనిషి. మొక్కలు సంచుల్లోనే వాడుతున్నాయి. సూపర్‌వైజర్ ముందు బతిమాలాడు, ఆనక పనిలోంచి తీసేస్తానన్నాడు. ఎవరూ కదల్లేదు. అధికారి చెడ్డవాడేం కాదు, విసిగిపోయిన మనిషి.

"నాటారా లేదా అన్నదే నేను చూడాలమ్మా. బతికాయా చచ్చాయా అన్నది నా పని కాదు."

"అదే చూడండి బాబూ. ఇన్నాళ్లూ నాటింది మేమే. ఈసారి నాటలేదు. రాసుకుని వెళ్లండి," అంది మేస్త్రమ్మ గుంతలోంచే.

ఆయన గుంతలన్నీ ఒకసారి లెక్కపెట్టాడు. చివరికి, నాటలేదనే రాశాడు.

ఈలోపు సూపర్‌వైజర్ పిలిపించిన పోలీసులు వచ్చారు. రెక్కలు పట్టి ఒక్కొక్కరినీ పైకి లాగి వ్యానెక్కించారు. గెలిచామని మేస్త్రమ్మకి అనిపించలేదు. చిమ్నీ ఆగేది మళ్లీ తనిఖీ దాకానే. అప్పటికి కంపెనీ వేరే జట్టుని తెస్తుంది. బిడ్డ రొమ్ములో కూత ఇవాళే ఆగేదీ కాదు. నడుము విరిగిపోతోంది.

వ్యాను కదిలింది. జాలీలోంచి చూస్తే, వెనక సందుల్లోంచి ఆడవాళ్లు, డ్యూటీ దిగిన మగవాళ్లు నడిచి వస్తున్నారు. ఖాళీ అయిన గుంతల్లోకి ఒక్కొక్కరే దిగి కూర్చున్నారు.

రాసింది: నన్ను అందరూ బొద్దక్క అంటారు. అరవై రెండేళ్లు. ఇప్పటికీ ఆ చిమ్నీల కిందే, కూతురింట్లో ఉంటున్నాను.